అరగంట దాటిన బండి

ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా అరగంటలో చేరాలన్నది లిఫ్టు మెకానిక్కుల వృత్తిధర్మం. కంపెనీవారు ఈ మహావాక్యాన్ని ఎర్ర అక్షరాలతో అచ్చువేయించి ప్రతి లిఫ్టులోనూ అంటించారు గనుక ఊళ్లో సగం జనానికి అది కంఠతా వచ్చు. తక్కిన సగం మేడలెక్కే పనిలేని వాళ్లు. మా భవంతి మూడో అంతస్తులో ఉండే లిఫ్టాయన మాత్రం దాన్ని కంఠతా పట్టి ఊరుకోలేదు. అందులోనే కాపురం పెట్టాడు.

ఆయన విషయంలో అరగంట అంటే కాలం కాదు, దూరం. స్కూటరు మీద ఏ దిక్కుకు పోయినా అరగంటలో వెనక్కి రాగలిగినంత మేరే ఆయన లోకం. ఆ గీతకు అవతల ఆయన నిద్రపోయిన దాఖలా లేదు. బంధువుల పెళ్లికి వెళ్తే చెప్పుల పక్కనే కూర్చునేవాడు, ఫోను మోగగానే వెతుక్కోకుండా లేవడానికి. ఇప్పుడు అత్తారింట్లో ఉన్న కూతురు పుట్టిననాడు ఆసుపత్రిలోనే ఉన్నాడు. కాకపోతే ఆసుపత్రి లిఫ్టు నెత్తిమీద కూర్చుని ఉన్నాడు. ఆడపిల్ల అన్న కబురు ఒక నర్సు లిఫ్టు గోతిలోకి తల దూర్చి అరిస్తే ఆయనకు చేరింది. "బరువెంత?" అని ఆయన పైనుంచి అడిగాడని, అది అలవాటుగా అడిగిందేనని, తండ్రిగా అడిగింది కాదని వాళ్లావిడ ఈనాటికీ అంటుంది.

వాళ్లావిడ ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధి మొత్తానికి బట్టలు కుడుతుంది. ఈ అరగంట ఆవిడకు మెట్టినింటితోపాటు వచ్చింది. ఊరి ఉత్తరపు దారిలో ఒక పెట్రోలు బంకు ఉంది. షికారుకు బయల్దేరినప్పుడల్లా ఆయన అక్కడిదాకా వెళ్లి, గాలి కొట్టించి, స్కూటరు తిప్పేవాడు. బంకు అవతల కూడా రోడ్డు ఉంటుందని, దానిమీద లారీలు పోతుంటాయని ఆవిడకు తెలుసు. కానీ చంద్రుడి అవతలి వైపు మాదిరి దాన్ని నమ్మాలే గాని చూసింది లేదు.

ఒకనాడు ఎవరిదో చొక్కాకు కాజాలు కుడుతూ, తలెత్తకుండానే ఆవిడ మాట కదిపింది.

"ఏమండీ, ఒక్క పొద్దున్న ఆ బంకు అవతల నిద్ర లేవాలని ఉంది. ఎక్కడైనా పర్లేదు. చెట్టు కిందైనా సరే."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "చెట్టు కింద పురుగూ పుట్రా ఉంటాయి. పైన పడుకోవాలి" అన్నాడు.

జీవితమంతా కిందికీ పైకీ తప్ప ఎటూ కదలని వాటితో గడిపిన మనిషికి ఏ సమస్యకైనా పరిష్కారం పైనే కనిపిస్తుంది. ఆ విధంగా మా భవంతి చరిత్రలో పికప్ బండి అధ్యాయం మొదలైంది.

బండి మంచినీళ్ల క్యాన్లు మోసి మోసి పదవీ విరమణ చేసినది. ఆయన దాన్ని తెచ్చి సెల్లారులో, లిఫ్టు గోడ పక్కన తన వంతు చోట నిలబెట్టాడు. ఎవరూ ఇరుక్కోని సాయంత్రాలన్నీ దానికే ధారపోశాడు. వెనక తొట్టికి ఇనప గొట్టాలతో క్యాబిన్ కన్నా ఎత్తుగా ఒక చట్రం కట్టాడు. చట్రం మీద టెంటు. అది మూసి ఉన్నప్పుడు పెద్ద సూట్‌కేసులా ఉంటుంది. గొళ్లెం తీస్తే మూత దానంతటదే లేచి, గుడ్డ గోడలు విచ్చుకుని, పక్కన నిచ్చెన దించుకుంటే ఇద్దరు పడుకునే గది అవుతుంది. తొట్టిలో స్టవ్వూ గిన్నెలూ పెట్టుకోవడానికి పాత లిఫ్టు తలుపుల చక్రాల మీద నడిచే సొరుగు అమర్చాడు. దాన్ని వేలితో తోస్తే చాలు, ఏదో అంతస్తు వచ్చినట్టు మెల్లగా తెరుచుకునేది. వాళ్లావిడ పరుపుకు తొడుగు, కిటికీలకు తెరలు, చెప్పులు పెట్టుకోవడానికి నిచ్చెన పక్కన వేలాడే సంచి కుట్టింది. అన్నిటికన్నా చివర, ఆయన టెంటు లోపల ఒక ఎర్రమీట బిగించాడు. అది నొక్కితే కింద గంట మోగుతుంది.

ఆవిడ తమ్ముడు, డ్రైవింగు స్కూల్లో నేర్పేవాడు, రోజూ సాయంత్రం వచ్చి ఈ నిర్మాణాన్ని పర్యవేక్షించేవాడు. పర్యవేక్షణ అంటే స్టూలు మీద కూర్చుని టీ తాగడం.

"బావా, టెంటులో గంటెందుకు?"

"ఇరుక్కుంటే."

"టెంటులో ఎలా ఇరుక్కుంటారు బావా? గుడ్డ కదా."

"ఎక్కేముందు అందరూ అలాగే అంటారు."

టెంటును చట్రానికి బిగించిన తీరు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన దానికంతా మూలం అక్కడే ఉంది. మనుషుల నెత్తిమీద ఉండే వస్తువు ఏదీ ఊడకూడదన్నది ఆయన మతం. బోల్టు వేశాడు. నట్టు బిగించాడు. దానిమీద ఇంకో నట్టు బిగించాడు. బయటికి పొడుచుకొచ్చిన బోల్టు కొనను సుత్తితో కొట్టి గుండీలా చదును చేశాడు. అది చాలదన్నట్టు దానిమీద వెల్డింగు చుక్క పెట్టించాడు. "ఇక ఇది నేనే వచ్చి అడిగినా ఊడదు" అని తృప్తిగా చెప్పుకున్నాడు.

మేడ మీద లిఫ్టు మోటారు గదికి వేసిన తాళం కూడా ఈ మతానికి చెందినదే. గునపానికీ లొంగదు, ఒకే ఒక్క తాళంచెవి. మా భవంతి సంఘం అధ్యక్షులవారు, కాలేజీలో రాజనీతి బోధించి రిటైరైన పెద్దమనిషి, ఇంకో తాళంచెవి చేయించమని ఏటేటా తీర్మానం పెట్టేవారు. "రెండుంటే అందులో ఒకటి ఎప్పుడూ ఉండకూడని చోటే ఉంటుందండి" అని లిఫ్టాయన ఏటేటా దాన్ని వీగిపోయేట్టు చేసేవాడు.

బండి పూర్తయ్యాక కంపెనీ వాళ్లు కూడా కరిగారు. ఈయన బదులు పని చూడటానికి వేరే ఊరి బ్రాంచి నుంచి ఒక బదిలీ మెకానిక్కును పంపుతామని, ఈయనకు రెండు రోజులు సెలవిచ్చారు. కొండల మధ్య ఒక చెరువు, గట్టున బండి నిలుపుకునే చోటు, అక్కడ పొద్దున్నే నీళ్లమీంచి పొగలు లేస్తాయట, అంతా కుదిరింది. ముందురోజు సామాను సర్దుతూ ఆవిడ ఒక్క మాట అంది, కోపం లేకుండా.

"ఈసారి కూడా బంకు దగ్గర తిప్పారనుకోండి, ఇంకెప్పుడూ అడగను."

అడుగుతూ ఉండే భార్యతో ఎలాగోలా నెట్టుకురావచ్చు. అడగడం మానేసిన భార్య సంగతి ఆయనకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేదు. ఆ సాయంత్రం బోల్టులన్నీ మరోసారి బిగించబోయాడు. అవి కదలలేదు.

బయల్దేరే ఉదయం ఆయన అధ్యక్షులవారికి మోటారు గది తాళంచెవి అప్పగించాడు. "బదిలీ అతను వస్తే దీన్ని ఇవ్వండి. తర్వాత మళ్లీ మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు, పసిబిడ్డను చేతుల్లో పెట్టినట్టు. అధ్యక్షులవారు దాన్ని జేబులో వేసుకుని జేబుమీద చెయ్యి పెట్టుకున్నారు. బండి కదిలింది. సెల్లారు దాటి, వీధిలోకి ఎక్కే ర్యాంపు మొదట్లో, పైన అడ్డంగా ఉన్న కాంక్రీటు దూలం కిందికి వచ్చింది. టక్కుమంది. ఆగింది.

అందరూ దిగి చూశారు. టెంటు మూత అంచు దూలానికి ఆనుకుని ఉంది. వెనక్కి తీశారు. మళ్లీ ముందుకు పోనిచ్చారు. మళ్లీ టక్కుమంది. బావమరిది కుడికాలు, తను తొక్కాల్సిన బ్రేకు లేకపోయినా, రెండుసార్లూ నేలను గట్టిగా తొక్కింది.

"బావా, కొలవలేదా?"

"కొలిచాను." ఆయన గొంతులో కొలిచినవాడి నిజాయితీ ఉంది. టెంటు తెరిస్తే సెల్లారు కప్పుకున్న నీళ్ల గొట్టాలకు తగలకుండా ఎంత ఎడం ఉంటుందో, మూస్తే ఎంత ఉంటుందో వేలెడు తేడా లేకుండా కొలిచాడు. బండి నిలబడ్డ చోట కొలిచాడు. లిఫ్టు నిలబడ్డ చోటినుంచి పైకి పోతుంది, కిందికి వస్తుంది. పక్కకు నడిచిన లిఫ్టును ఆయన ఇంతవరకూ చూడలేదు. బండి అనే వస్తువు ముందుకు పోతుందన్న సంగతి కొలతల్లోకి రాలేదు.

ఆవిడ మెడలో ఉన్న టేపు ఇంకా తీయలేదు. దూలం వంకా టెంటు వంకా చూసి, "చొక్కా బాగానే కుట్టారు. తల దూరే చోటే మరిచిపోయారు" అంది.

టెంటు ఊడదీద్దామని బావమరిది స్పానరు తీశాడు. బోల్టుల వైపు చూశాడు. స్పానరు మళ్లీ సొరుగులో పెట్టేశాడు. సొరుగు మెల్లగా, మర్యాదగా మూసుకుంది. గ్యాసుతో కోయిద్దామంటే మంటకు అడుగు దూరంలోనే టెంటు గుడ్డ. దూలం కొట్టిద్దామన్న ఆలోచన ఎవరికొచ్చిందో గాని పైకి అనకముందే అందరూ తలెత్తి, తమ నెత్తిమీద ఉన్న అంతస్తులను తల్చుకున్నారు.

చివరికి చక్రాల గాలి తీశారు. బండి కొంత కుంగింది. ఇంకా అంగుళం పాటి అడ్డు. అప్పుడు అధ్యక్షులవారు ప్రజాస్వామికమైన ఉపాయం చెప్పారు: జనం ఎక్కితే స్ప్రింగులు అణుగుతాయి. నీళ్ల క్యాన్లు మోసిన బండి మనుషుల్ని మోయదా? ఆయన లిఫ్టెక్కి పైకి వెళ్లి, ప్రతి తలుపూ తట్టి, ఇంట్లో ఉన్నవాళ్లలో బరువైన వాళ్లను ఎంపిక చేశారు. అలా పిలిపించుకోవడం గౌరవమో అవమానమో తేల్చుకునే లోపే మేమంతా లిఫ్టులో ఉన్నాం.

లిఫ్టు దిగుతుండగా అధ్యక్షులవారు కార్యక్రమం వివరించారు. "బండి దూలం కిందికి రాగానే నేను 'ఊఁ' అంటాను. అందరూ ఒక్కసారిగా కిందికి నొక్కాలి. ఎవరికి తోచినట్టు వాళ్లు నొక్కితే ఫలితం ఉండదు. ఒకసారి అభ్యాసం చేద్దాం. ఊఁ."

మేం నొక్కాం. ఇందులో నొక్కడమంటే ఎగిరి దూకడమే గనుక దూకాం. లిఫ్టు మాకన్నా తెలివైనది. ఇంతమంది ఒక్కసారి మీద పడగానే తాడు తెగిందనుకుందో ఏమో, పక్కనున్న ఇనప పట్టాలను కరిచిపట్టుకుని, సెల్లారుకు మనిషెత్తు పైన నిలిచిపోయింది.

కిందినుంచి లిఫ్టాయన గొంతు వినిపించింది, ఏ మార్పూ లేకుండా, ఇన్నేళ్లుగా ఫోనులో అందరికీ చెప్పే మాటే.

"కంగారు పడకండి. గాలి ఆడుతుంది. ఎవరైనా దూకారా?"

మేం ఒకరి పాదాల వంక ఒకరం చూసుకున్నాం.

"ఎంతసేపు పడుతుంది?" అని అధ్యక్షులవారు అడిగారు.

"తాళంచెవి మీ జేబులో ఉందండి. తలుపు సందులోంచి వెయ్యండి."

వేశారు. ఆయన మెట్లెక్కి మేడమీదికి పోయాడు. పట్టాలు కరిచిన లిఫ్టు కిందికి దిగాలంటే ముందు కాస్త పైకి లాగాలి. అప్పుడుగాని పట్టు వదలదు. మోటారు పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పి, వదిలించి, తలుపులు తీసి, మమ్మల్ని ఒక్కొక్కరినీ చెయ్యిచ్చి దించాడు. పెళ్లాంతో షికారుకని వేసుకున్న ఇస్త్రీ చొక్కాకు అప్పటికే ఎదమీద గ్రీజు అంటింది. తాళంచెవిని చొక్కా జేబులో వేసుకుని, చేతులు తుడుచుకుని, "రండి, ఎక్కండి" అన్నాడు.

చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా మేం బండి తొట్టిలో గిన్నెల మధ్య కిక్కిరిసి కూర్చున్నాం. స్ప్రింగులు మూలిగాయి. బండి కుంటుతూ కదిలింది. "ఊఁ" అన్నారు అధ్యక్షులవారు. ఎవరమూ దూకలేదు, ఊపిరి బిగబట్టాం, దానితో బరువు పెరుగుతుందన్నట్టు. దూలం టెంటు మూతను పొడుగూతా గీరుకుంటూ పోయింది. ఆ చప్పుడు వింటూ ముందు సీట్లో ఆవిడ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి వీధి, ఎండ.

మేం దిగగానే బండి అమాంతం పైకి లేచింది. గాలి పంపుతో బావమరిది చక్రాలు నింపుతుంటే అది ఇంకా లేచింది. లిఫ్టాయన వెనక్కి తిరిగి దూలాన్ని చూశాడు. బయటికి వచ్చిన బండి మళ్లీ ఇంత జనం కూడితే తప్ప లోపలికి పోలేదు. ఆ సంగతి ఆయనకు అప్పుడే తట్టింది గాబోలు, ముఖం మీదికి నవ్వులాంటిది వచ్చింది.

"వెళ్లండి బావా, ఇంకా చూస్తారేంటి. అక్కా, ఆయన కాలు బ్రేకు మీదికి పోతే గిల్లు" అన్నాడు బావమరిది.

బంకు వచ్చింది. ఆయన చేతులు స్టీరింగును కొద్దిగా తిప్పబోయాయి. ఆవిడ గిల్లలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని ముందుకే చూస్తోంది. ఆయన చేతులు సర్దుకున్నాయి. బంకు పక్కనుంచి వెనక్కి జారిపోయింది. అవతల రోడ్డు ఉంది, మనుషులు చెప్పినట్టే. చింకి టార్పాలిన్లు కప్పిన లారీలు, ఎవరిదో మేకలమంద, రోడ్డు పక్క ఒక టీ కొట్టు, దాని వెనక ఖాళీ జాగా. ఆవిడ ప్రతిదాన్నీ తల తిప్పి తిప్పి చూసింది.

ఫోను మోగింది.

ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. బావమరిది. కరెంటు పోయిందట. లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగింది. లోపల అధ్యక్షులవారు ఒక్కరే ఉన్నారు.

"బదిలీ అతను రాలేదా?"

"వచ్చాడు బావా. అప్పుడే వచ్చాడు, పాపం, అరగంటలోపే. మోటారు గది తాళంచెవి లేదు."

"అధ్యక్షుల దగ్గరే..." అని ఆయన ఆగాడు. చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. అది అక్కడే ఉంది, గ్రీజు మరక కింద, వెచ్చగా.

"తాళం పగలగొట్టమంటారా బావా?"

"పగలదు" అన్నాడు ఆయన. ఆ మాటలో గర్వం ఇంకా కొంచెం మిగిలే ఉందని ఆవిడ తర్వాత చెప్పింది.

ఫోను పెట్టేశాడు. ఒక లారీ పోయింది. బండి ఆ గాలికి ఊగి నిలిచింది. ఆయన గేరు వెయ్యబోయాడు. ఎటు తిప్పాలో చేతులకు తెలుసు.

"బండి తిప్పకండి" అంది ఆవిడ.

"లోపల మనిషున్నాడే."

"మనిషిని వదిలెయ్యమన్నానా? బస్సు వస్తుంది, బస్సులో వెళ్లండి. తాళంచెవి మీ జేబులో ఉంది గాని బండి జేబులో లేదుగా. అది దాటింది. ఉండనివ్వండి."

"నువ్వొక్కదానివీ?"

"ఆ టీ కొట్టావిడ ఉంది. నేనూ ఉన్నాను. టెంటు తియ్యడం రాదనుకున్నారా? తెరలు కుట్టినప్పుడు పదిసార్లు తీశాను." తలుపు తెరుచుకుని దిగింది. ఆగి, కిటికీలోంచి తల పెట్టి, "ఆ గంట మాత్రం పీకేస్తాను. నిద్రలో చెయ్యి తగుల్తుంది" అంది.

బస్సు వచ్చింది. ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు. బస్సు వెనక అద్దంలోంచి చూస్తుంటే బండి చిన్నదవుతోంది. టీ కొట్టు వెనక ఖాళీ జాగాలో, దానిమీద సూట్‌కేసు మూత మెల్లగా లేచింది. బస్సు బంకు మలుపు తిరిగింది. ఆ పైన ఏం కనపడలేదు.

అధ్యక్షులవారిని బయటికి తీసేసరికి ఆయన పేపరు మడత పెట్టుకుని, లోపలి ఎర్ర అక్షరాల ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆ మహావాక్యాన్ని ఎన్నిసార్లు చదివారో మేం అడగలేదు.

"మీరు సెలవు మీద వెళ్లారనుకున్నానే" అన్నారు చెయ్యి అందుకుంటూ.

"వెళ్లానండి. మా ఆవిడ ఇంకా అక్కడే ఉంది."

బదిలీ మెకానిక్కు చెయ్యి చాచాడు. లిఫ్టాయన తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. వేళ్లు ఒకసారి మూసుకున్నాయి, మళ్లీ విచ్చుకున్నాయి. "దీనికి ఇంకోటి చేయించండి" అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. అధ్యక్షులవారు ఇన్నేళ్ల పోరాటం ఫలించిన ఆ ఘట్టంలో కూడా పెద్దమనిషి తరహాగా, "తీర్మానం పెడదాం" అని మాత్రం అన్నారు.

లిఫ్టాయన వీధి చివర బస్సు స్టాపులో నిలబడ్డాడు. ఉత్తరపు దారి బస్సులు ఆ వేళలో ఆలస్యం. ఫోను మోగింది. ఇస్త్రీ చొక్కా జేబులోంచి తీస్తూ, గొంతు వినకముందే నోరు తన పని తను చేసుకుపోయింది.

"కంగారు పడకండి, అరగంటలో వస్తున్నా."

"నాకేం కంగారు?" అంది ఆవిడ. వెనక గాలికి గుడ్డ టపటపలాడుతున్న చప్పుడు. "నిచ్చెన దించాను. పైనుంచి బంకు కనిపిస్తోంది. వెనకవైపు రంగు కూడా వెయ్యలేదండీ వాళ్లు."

ఆయన రోడ్డు వంక చూశాడు. బస్సు లేదు.

"వింటున్నారా?"

"వింటున్నా. ఇక్కడ బస్సు రాలేదింకా."

"రానివ్వండి. నేనేం ఇరుక్కోలేదుగా" అంది ఆవిడ.